తోడికోడలి ఇస్త్రీపెట్టెకు కువైట్ ప్లగ్గు

మా మరిది భార్య కువైట్ పోతోందని వినగానే నాకు కడుపు మండింది. అబద్ధమెందుకు? బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మా ఆయన, మరిది ఇద్దరూ ఫిట్టర్లే. అయినా చాన్సు తమ్ముడికే తగిలింది. భార్యను కూడా తెచ్చుకోవచ్చన్నారట. నాలుగు ఊళ్లు చూడాలని చిన్నప్పటినుంచీ కొట్టుకున్నది నేను, విమానం ఎక్కేది ఆమె!

పైగా ఆమె తెలివి చూడండి. మా ఇళ్లలో అప్పుడు గోడకు ప్లగ్గులు లేవు. బల్బు తీసి, ఆ హోల్డర్‌లోనే ఇస్త్రీపెట్టె తగిలించేవాళ్లం. ఆమె ఆ ఇస్త్రీపెట్టెను అట్లాగే సామాన్లలో సర్దుతోంది.

"గాడ బల్బులుండయా అక్కా?" అని నన్నే అడిగింది.

"గోడకు గుచ్చుతరు పిల్లా, బల్బులు పీకరు," అన్నాను. ఇట్లాంటిదానికా కువైట్! దేవుడా, నీకు కండ్లున్నాయా అనుకున్నాను.

చివరికి నన్నే వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కింది. కరెంటు సామాన్ల దుకాణంలో సాయిబు తాత రెండు అడాప్టర్లు ముందు పెట్టాడు. ఒకదానికి రెండు పలుచని ముళ్లు, ఇంకోదానికి మూడు లావుపాటి చదరపు ముళ్లు. ఆమె చెయ్యి చిన్నదాని మీదికే పోయింది, ముద్దుగా ఉందని.

"గది సౌదీకి బేటీ. కువైట్‌ల మా తమ్ముని ఇంట్ల గీ మూడు ముండ్లదే. ఇస్త్రీపెట్టెకున్న బల్బు పిన్ను పీకి మన గుండు ముండ్ల ప్లగ్గు ఏస్త, అది దీని ఎనక పడ్తది," అన్నాడు తాత.

పెద్దదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇది కూడా కువైట్ పోతుంది, నేను తప్ప అనుకోగానే కండ్లల్లో నీళ్లు తిరిగాయి. నా మొహం చూసి ఆమె బిత్తరపోయింది.

"నువ్వే వద్దన్నవంట గదక్కా? ముందుగాల బావకే అచ్చింది చాన్సు. 'మా ఇంటామె బోధన్ ఇడిసి రాదు, మీరే పోండ్రి' అన్నడు."

"నేనెప్పుడన్న?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్లగ్గు కొని తిరుగు బస్సెక్కాం. పాపం, ఇన్ని రోజులూ తిట్టుకున్నది ఈమెనా అనుకున్నాను. కుళ్లు మాత్రం తగ్గలేదు.

ఇంటికొచ్చి వడ్డిస్తుంటే మా ఆయన, "దొరికిందా ప్లగ్గు?" అన్నాడు.

"దొరికింది. కువైట్‌కు పోతవా అని నన్నెందుకు అడగలే?"

కలిపిన ముద్ద నోటిదాకా పోలేదు. తల ఎత్తకుండానే అన్నాడు:

"అడిగితే పోదామంటవని."