చేతుల్లేని బొమ్మలు

పడిపోయిన కుడిచేత్తో ఆదిశేషమ్మ సాధించిన మొదటి ఘనకార్యం ఏడు సీసాలు కూల్చడం. నిజం సీసాలు కావు. నెల్లూరులో ఫ్లోరా అనే ఫిజియోథెరపీ అమ్మాయి గదిలో, టీవీ తెరమీద వరసగా నిలబడే తెల్లటి సీసాలు. చిన్న కడ్డీ ఒకటి చేత్తో పట్టుకుని, దాని అడుగునున్న మీటను చూపుడువేలితో నొక్కి, చెయ్యి వెనక్కి ఊపి, ముందుకు తెచ్చి, సరిగ్గా ఆ క్షణాన వేలు తెరవాలి. వేలు తెరిస్తేనే తెరమీద బంతి దొర్లుతుంది. పదహారుసార్లు పోయినా ఆ వేలు తెరుచుకోలేదు. పదిహేడోసారి తెరుచుకుంది. బంతి కాలవగట్టు మీద తాగుబోతులాగా అటూ ఇటూ తూలి, పదింట్లో ఏడింటిని పడగొట్టింది.

"పడినయ్యయ్యో! ఏడు! కావాలంటే ఎంచుకో!" అని ఆదిశేషమ్మ వేసిన కేకకు, పక్క మంచం మీద నడుంనొప్పికి కరెంటు పెట్టించుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

హజరత్తయ్య సీసాలు ఎంచలేదు. భార్య మొహమే చూశాడు. జూన్ నెలలో నారుమడి గట్టు మీద పక్షవాతం వచ్చి కూలబడిన నాటినుంచి ఆ మొహాన నవ్వు ఎరగడు.

ఆదిశేషమ్మ అల్లాటప్పా మనిషి కాదు. ముత్తుకూరు పక్కన వాళ్ళ ఊరి బడిలో అయిదో తరగతి చదివింది. ముప్ఫైయేళ్ళు నాట్ల ముఠాకు ముందు నడిచింది. ఆమె వేసిన సాలు తాడు పట్టి గీసినట్టు ఉంటుందని పక్క ఊళ్ళ రైతులు ముందుగా వచ్చి అడిగిపోయేవాళ్ళు. పన్నెండేళ్ళు డ్వాక్రా గుంపుకు లీడరు. ఒక తుఫానేడు రేషను బియ్యం రాకపోతే ఎమ్మార్వో జీపుకు అడ్డంగా నిలబడి, బియ్యం లారీ వచ్చినాకే దారి వదిలింది. అంతటి మనిషికి ఇప్పుడు మిగిలింది ఒకటే కోరిక. తన అన్నం తాను కలుపుకోవాలి.

మాట పోలేదు, నడక కుదుటపడింది, అదే పదివేలని అందరూ అంటారు. ఆమెకు అది పదివేలు కాదు. ఎడంచేత్తో అన్నం తినే మాట ఎత్తితే చెవులు మూసుకునేది. కోడలు బిందు ముద్దలు చేసి నోట్లో పెడుతుంటే కళ్ళు మూసుకుని మింగేది. ఒకరోజు కొడుకు సుకుమార్ స్పూను తెచ్చి పెడితే, "చేపల పులుసు స్పూనుతో తింటే అది పులుసు కాదురా, మందు" అని కంచం పక్కకు నెట్టింది.

అందుకే ఆ ఏడు సీసాలు చూసి ఫ్లోరా కూడా చప్పట్లు కొట్టింది. తర్వాత హజరత్తయ్యను పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, వేలు దారికొచ్చింది. ఇంక దాన్ని వదలకూడదు. వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి ఆడితే చాలదు. రోజూ ఆడాల. ఇట్టాంటి గేమ్ మిషను ఇంట్లో పెట్టుకోండి. ఇప్పుడు కొత్తవి రావడం లేదు, పాతది దొరికినా చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బొమ్మ చూడబాకండి, ఆట చూడండి. అమ్మ చెయ్యి ఊగాల, అమ్మ నవ్వాల. అంతే."

"బొమ్మ సంగతి నాకు చెప్తుండావా ఫ్లోరమ్మా!" అని హజరత్తయ్య నవ్వాడు. ఆ అమ్మాయి చెప్పిన అన్ని మాటల్లోనూ ఆయన చెవిలో నిలిచింది ఆ ఒక్కటే.

నిలవదా మరి. ఆయన బొమ్మ వేసిన మనిషి. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టినాడని హజరత్తయ్య అని పేరు పెట్టింది తల్లి. ఏడో తరగతితో పలక పక్కన పెట్టి, టూరింగు టాకీసులో రీళ్ళు చుట్టే పనికి చేరి, మూడేళ్ళలో ఆపరేటరు అయ్యాడు. ఇరవై రెండేళ్ళు వాకాడు నుంచి జువ్వలదిన్నె దాకా డేరా ఎక్కడ లేస్తే అక్కడ ఆయన చేతిమీదుగానే బొమ్మ పడింది. మిషన్లో రెండు కార్బన్ పుల్లల నడుమ మంట వెంట్రుకవాసి తగ్గినా తెర మసకబారుతుంది. ఆయన ఉండగా ఒక్కనాడూ మసకబారలేదు. రీలు తెగితే, జనం ఈల వెయ్యడానికి నోట్లో వేళ్ళు పెట్టుకునే లోపలే అతికించేవాడు. జువ్వలదిన్నెలో గాలివానకు తెర చినిగిపోతే, నాలుగు పంచెలు కలిపి కుట్టించి కట్టి ఆట నడిపించినందుకు పంచాయతీవాళ్ళు శాలువా కప్పారు. ఊళ్ళో మొదటి కలర్ టీవీకి యాంటెనా ఎక్కించింది కూడా ఆయనే. "హజరత్తయ్య చెయ్యి పడితే బొమ్మ కడిగినట్టుంటాది" అని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ అనేవాళ్ళు ఉన్నారు.

ఆ వారంలోనే కొడుకు సుకుమార్‌ను వెంటపెట్టుకుని నెల్లూరు పోయాడు. సుకుమార్ థర్మల్ ప్లాంటులో షిఫ్టు మనిషి, రాత్రి పని చేసి నిద్రమొహంతోనే వచ్చాడు. ట్రంకురోడ్డు సందులో కిషోర్ బాబు అనే ఆయన గేమ్ మిషన్లు అమ్ముతాడు. విషయం విని, పాత మిషను ఒకటి దుమ్ము తుడిచి పెద్ద టీవీకి తగిలించాడు.

తెరమీద గుండ్రటి తలకాయతో ఒక బొమ్మ వచ్చి నిలబడింది. దానికి జబ్బల్లేవు. మొండేనికి అటొకటి ఇటొకటి రెండు ఉండలు గాల్లో తేలుతున్నాయి, అవే అరిచేతులు. ఫ్లోరా గదిలో టీవీ చిన్నది, పైగా ఆయన చూపంతా భార్య మీదనే, అందుకని ఇన్నాళ్ళూ గమనించలేదు.

"ఏందయ్యా ఇది? దీనికి చేతులేవి?"

"అట్టానే ఉంటాయి సార్ దీంట్లో. చిన్నపిల్లకాయలు గీసిన బొమ్మల మాదిరి. ఆట మాత్రం బో సరదాగా ఉంటాది."

"మా ఇంటామెకు చెయ్యి పడిపొయ్యింది. చేతుల్లేని బొమ్మను తీసకపొయ్యి ఆమె ఎదురుగా నిలబెట్టమంటావా? అపశకునం గాదా?"

సుకుమార్ ఆవులింత ఆపుకున్నాడు. "నాయనా, అమ్మ ఆడింది దీంట్లోనే గదా. ఫ్లోరమ్మ చెప్పింది కూడా ఇదే."

"నువ్వూరుకోరా. కరెంటు సంగతి నీది, బొమ్మ సంగతి నాది."

అప్పటికే ఆయన కళ్ళు రెండో టీవీ మీదికి పోయాయి. అందులో కొత్త మిషను నడుస్తోంది. సముద్రం. అల లేచి, అంచు పలచబడి, దానిగుండా ఎండ పచ్చగా మెరిసి, విరిగింది. నురగ ఇసుకలోకి ఇంకిపోతూ చిన్నచిన్న బుడగలు వదిలింది. పడవ మీద నిలబడ్డ మనిషి మెడమీద చెమటచుక్క జారడం కూడా కనబడింది. హజరత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళలో ఇట్టాంటి బొమ్మ నేను వెయ్యలేదురా" అన్నాడు మెల్లిగా.

"గ్రాఫిక్స్ సార్. ఇప్పుడందరూ అడిగేది అదే" అన్నాడు కిషోర్ బాబు. తర్వాత, ఎంతయినా నమ్మకస్తుడు గనక, ఒక మాట అడిగాడు. "మీ ఇంట్లో ఆడతారా సార్, చూస్తారా?"

"బొమ్మ బాగుంటే ఆట దానంతటదే వస్తాది" అని హజరత్తయ్య కొత్త మిషను కట్టించుకున్నాడు.

ఇంటికి తెచ్చి తగిలించాక తెలిసింది, దాని రిమోటు రెండు చేతులా పట్టుకోవాలని. దానినిండా మీటలే. రెండు బొటనవేళ్ళూ చెరో పక్క తిప్పుతూ ఉండాలి. ఆదిశేషమ్మ ఒళ్ళోనుంచి అది మూడుసార్లు జారి కింద పడింది.

"దీంట్లో సీసాలు లేవా?" అని అడిగింది.

"సీసాలెందుకే, సముద్రమే ఉండాది."

"సముద్రం మనూరి పక్కనే ఉండాది గదయ్యా."

"ఇట్టా ఉంటాదా అది?"

ఆమె కాసేపు తెరవైపు చూసింది. "ఉండదులే. నువ్వాడు, నేను చూస్తా" అంది.

ఆయన ఆడాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి వారం తిరక్కుండా పడవ నడపడం నేర్చుకున్నాడు. పదిరోజులకు ఇరుగుపొరుగు రావడం మొదలైంది. పొద్దుగూకగానే హజరత్తయ్య చాపలు పరిచి, పొడుగువాళ్ళను వెనక్కి పంపి, లైటు తీసి, గొంతు సవరించుకునేవాడు. జనం "ఆహా" అన్నప్పుడల్లా ఆయన వయసు పదేళ్ళు తగ్గేది. ఆదిశేషమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకుని కూర్చునేది. ఎట్టుందని అడిగితే, "బొమ్మ బాగుండాది" అనేది. అది చాలు ఆయనకు.

ఫ్లోరా దగ్గరికి పోవడం మొదట వారానికి ఒకసారి అయింది. "మిషను ఇంట్లోనే ఉండాది గదా" అని తర్వాత అదీ మానేశారు. అక్టోబరులో ముసురు పట్టింది. నవంబరులో వాయుగుండం, బస్సులు సరిగా లేవు. ఫ్లోరా రెండుసార్లు ఫోను చేస్తే, "రోజూ మిషను నడస్తానే ఉండాదమ్మా" అని చెప్పాడు. అబద్ధం కాదు. మిషను నడుస్తూనే ఉంది.

జనవరి మొదటి వారంలో బిందు అత్తకు గోళ్ళు తీద్దామని కూర్చుంది. కాసేపటికి లోపలినుంచి పిలిచింది.

"మావయ్యా, ఒకసారి ఇట్టా రాండి."

కుడిచేతి నాలుగు వేళ్ళూ అరిచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. బలవంతంగా సందు చేస్తే లోపల చర్మం నానిపోయి తెల్లగా ఉంది. గోళ్ళు దిగినచోట నాలుగు ఎర్రటి గంట్లు.

"నొప్పి లేదా అత్తా?"

"ఉండాది."

మర్నాడు నెల్లూరులో ఫ్లోరా ఆ చేతిని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసింది. "ఎన్నాళ్ళయింది ఆడి?" అని అడిగింది. బిందు మావయ్య వైపు చూసింది. "మిషను కొన్నామన్నారే?"

"కొన్నామమ్మా" అన్నాడు హజరత్తయ్య. మళ్ళీ తానే, "బో మంచి బొమ్మ" అన్నాడు.

ఫ్లోరా తల ఎత్తలేదు. "ఆగస్టులో ఈ వేలు దానంతటదే తెరుచుకునింది పెద్దాయనా" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకు బస్సులో అనిపించింది.

ఆదిశేషమ్మను బిందుతో ఇంటికి పంపి, తాను మధ్యలో దిగి వెనక్కి పోయాడు. పాత మిషను ఇంకా కిషోర్ బాబు దగ్గరే ఉంది. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళను గుమ్మంలోనుంచే పంపేశాడు. సుకుమార్ తీగలు తగిలించాడు. కడ్డీని ఆమె చేతికి రుమాలుతో కట్టారు. మీటను ముడుచుకున్న చూపుడువేలి కిందికి నెట్టారు. తెరమీద గుండ్రటి తలకాయ బొమ్మ వచ్చింది. హజరత్తయ్య దానివైపు చూడలేదు. ఆమె వేలునే చూస్తున్నాడు.

ఆదిశేషమ్మ పళ్ళబిగువున భుజం వెనక్కి తెచ్చి ముందుకు ఊపింది. వేలు తెరుచుకోలేదు. బంతి బొమ్మ చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ ఊపింది. ఉండిపోయింది. అయిదోసారికి ఆమె నుదుటన చెమట పట్టింది.

"ఇంకొక్కసారి ఆదెమ్మా."

"చాల్లేయ్యా. వేలు వదలడం లేదు."

సుకుమార్ టీవీ కట్టేసి బయటికి పోయాడు. హజరత్తయ్య రుమాలు ముడి విప్పుతూ, "ముందే చెప్పొచ్చు గదే, ఇది పనికిరాదని" అన్నాడు.

"ఏం చెప్పేది? వూరంతా కూర్చోబెట్టి బొమ్మ వేస్తా ఉంటివి. నీ మొహం దీపం మాదిరి వెలగతా ఉండె. నడిమధ్యలో నేను లేచి నాకు సీసాలు కావాలంటే, చిన్నపిల్లని నవ్వరా?" విప్పిన చెయ్యి కొంగు కింద పెట్టుకుంటూ అంది, "నేనూ కొన్నాళ్ళు మర్చిపొయినాలే, చెయ్యి సంగతి. బొమ్మ అట్టాంటిది."

ఆమె ఆయన్ను అన్నదంతా అంతే. పైగా సగం తప్పు తనమీద వేసుకుంది. హజరత్తయ్యకు ఆ సగమే తిట్టుకన్నా ఎక్కువై కూర్చుంది.

వేలూరు పెద్దాసుపత్రి డాక్టర్లు చెయ్యి చూసి, నరాలు సాగదీసే ఆపరేషను చెయ్యాలన్నారు. ఆ పైన ఆరు వారాలు కట్లు, వ్యాయామం అక్కడే. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు తెరుచుకోవచ్చు. చివరి రెండింటి మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఆడవాళ్ళ వార్డు, తోడుకు మగవాళ్ళను ఉండనివ్వరు. బిందు ఉండిపోయింది. హజరత్తయ్య గేటు దగ్గర భార్య సంచి బిందుకు అందించి, రైలెక్కి ఒంటరిగా తిరిగొచ్చాడు.

ఆపరేషను అయింది. సుకుమార్ షిఫ్టుకు పోయేముందు నాయనకు అన్నం పెట్టి పోతాడు. హజరత్తయ్య కంచం ముందర కూర్చుని, కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు అరిచేతిలోకి మడుచుకుంటాడు. మిగిలిన మూడు వేళ్ళతో పులుసన్నం కలుపుతాడు. పులుసు కంచం అంచుకు పోతుంది. ముద్ద కుదరదు. కుదిరినా నోటిదాకా వచ్చేసరికి సగం మెతుకులు పంచెలో రాలతాయి. కాసేపు చూసి మళ్ళీ మొదలుపెడతాడు. ఈమధ్య నాలుగు ముద్దల్లో ఒకటి నిలుస్తోంది. ఆయనకు బాగున్న చెయ్యి గదా, అందుకని నిలుస్తోందేమో.

పొద్దుటిపూట బిందు ఫోను అత్త చెవిదగ్గర పెడుతుంది.

"తింటివా?" అని అడుగుతుంది ఆదిశేషమ్మ.

"తింటి. నువ్వో?"

"పెట్టింది బిందు."

తర్వాత, కట్లు ఎప్పుడు విప్పుతారని ఆయన అడుగుతాడు. నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతుంది. కట్లు విప్పేది మార్చి నెల ఏడో తేదీన. అన్నీ కుదిరితే ఇంటికి వచ్చేది మార్చి పద్నాలుగు, శనివారం.