దిండు అదుముకుని దగ్గినామె

కడుపు ఆపరేషన్ అయిన అయిదో రోజు మా ఆయన పోయాడు. ఛాతీలో కఫం నిండిందన్నారు. మరుసటి ఏడు నాంపల్లి స్టేషన్‌లో, కడుపు ఆపరేషన్ చేయించుకుని దవాఖాన నుంచి ఇంటికి పోతున్న ఒకామె నా పక్కన కూర్చుంది. కడుపుకు దిండు అదుముకుని గట్టిగా దగ్గింది.

"దగ్గకు చెల్లె! కుట్లు తెగుతయి," అని కసిరాను.

"నేను గూడ గట్లనే భయపడ్డ అక్కా. దగ్గకుంటె కఫం లోపల్నే ఉండి జరమొస్తదని నర్సమ్మ తిట్టింది. గందుకే కుట్లు కదలకుండ గీ మెత్త అదుముకుంట."

ఆయనకు దగ్గొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డంపెట్టి ఆపింది నేనే. ప్రేమతో ఆపానని చెప్పుకుంటే తప్పు తగ్గదు.

"మీ ఇంట్ల ఎవరికన్న కోసిన్రా?" అనడిగింది.

"మా ఆయనకు."

"మంచిగున్నడా?"

ఆమె కళ్లలో బెదురు చూశాను.

"మంచిగున్నడు," అన్నాను.