లచ్చవ్వ కన్ను

బస్సులో స్పిరిట్ వాసన తగిలితే, ఆర్మూర్‌లో మా బర్రె జ్వరంతో పడిపోయిన రోజు గుర్తొచ్చింది.

“నీ కన్ను తగిలే బర్రె పడ్డది. రాకు!” అని నాయనమ్మ పక్కింటి లచ్చవ్వను గడప బయటే ఆపింది.

పశువుల డాక్టరమ్మ బర్రె చెవి వెనక రక్తం తాగుతున్న గోమార్లను పీకి స్పిరిట్ సీసాలో వేసింది. “గిందుల రోగం మోసే జాతి ఉన్నదేమో చూస్త.”

సీసాను ఎండకెత్తి, ఆముదపు గింజల్లా ఉబ్బిన ఆ పురుగులను చూశాను. “డాక్టరమ్మా, గిందుల లచ్చవ్వ పంపింది ఏది?”

“కాళ్లు లెక్కవెట్టు బిడ్డా. ఎనిమిదుంటయి. లచ్చవ్వకెన్ని?”

“రెండే! గవి గూడ నొస్తున్నయి,” అంది లచ్చవ్వ బయటి నుంచే. నాయనమ్మకు నవ్వొచ్చింది, కానీ దారి ఇవ్వలేదు.

రోగం మోసిన గోమారి ఏ జాతిదో తర్వాత తేలింది. సూదిమందుకు బర్రె లేచింది. లచ్చవ్వ మళ్లీ మా గడప తొక్కింది. తప్పయిందని మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు.