దీక్ష పుస్తకంలో దేవయ్య పేరు

మా తమ్ముడు దేవయ్య కోపం వస్తే చెంబు కూడా విసిరే మనిషి కాదు. అలాంటివాడు కరెంటు సబ్‌స్టేషన్ అద్దాలు పగలగొట్టాడని పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. దాన్ని ఎనిమిదేళ్లు మోశాడు.

వాడు సిరిసిల్లలో సాంచాల కార్మికుడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటాం. ఒక్కడే ఎనిమిది సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ పాలిస్టర్ గుడ్డ నేస్తాడు. మా అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. నేనే పెంచాను. పెళ్లయి వెళ్లిన చోట నా పెనిమిటి పోతే తిరిగొచ్చి వాడింట్లోనే మగ్గం కండెలకు పోగు చుట్టుకుంటూ ఉండిపోయాను. వాడి భార్య రాధిక నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనే సందు నేనూ ఇవ్వలేదు.

దేవయ్య పద్నాలుగో ఏట సాంచాల దగ్గరికి పోయాడు. ఎక్కడ పోగు తెగిందో కళ్లతో వెతకడు, చేతితో తడిమి పట్టుకుంటాడు. మాట మాత్రం తక్కువ. నాలుగు మాటలు అనాల్సిన చోట ఒకటి అంటాడు, ఆ ఒకటి కూడా నేను అడిగితేనే.

తెలంగాణ రాకముందు మా కరెంటు సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. పొద్దున రెండు గంటలు ఇచ్చేవాళ్లు, మధ్యాహ్నం ఎప్పుడిస్తారో ఇచ్చేవాడికీ తెలియదు. సాంచా నడుస్తుండగా కరెంటు పోతే గుడ్డ మీద అడ్డంగా పట్టె పడుతుంది. పోగులు తెగుతాయి. మళ్లీ ఒక్కొక్కటే అతకాలి. బొగ్గు చూస్తే మా కరీంనగర్ జిల్లా నేల కిందిదే. తవ్వేది మావాళ్లు, కాల్చేది మా దగ్గర, బూడిద మా చేల మీద. వెలుగు మాత్రం తీగలెక్కి ఎటో పోయేది. ఎవరికి ఎన్ని గంటలు ఇవ్వాలో హైదరాబాదులోనో ఢిల్లీలోనో కూర్చుని రాసేవాళ్లకు ఒక్కనాడైనా ఫ్యాను ఆగిందా? ఆగి ఉంటే మా గతి అప్పుడే మారేది.

అందుకే దేవయ్య మస్కట్ పోదామనుకున్నాడు. వాడికప్పుడు ముప్పై తొమ్మిది. నలభై దాటితే తీసుకోరని కోరుట్ల ఏజెంటు లస్మయ్య ముందే చెప్పాడు. జగిత్యాలలో ఇంటర్వ్యూ అన్నారు. ఇద్దరమూ పోయాం. ఇంటర్వ్యూ అంటే ఏదో అడుగుతారనుకున్నాను. సిమెంటు బస్తా ఎత్తుకుని ఆ గోడ దాకా నడవమన్నారు. నడిచాడు. అంతే, పాసయ్యాడు. అక్కడ దీపం ఆరదట, నూనె అంత ఉందట. మా బొగ్గు మాకు వెలుగివ్వదు కాబట్టి వాళ్ల నూనె నీడన బస్తాలు మోయడానికి మావాడు సముద్రం దాటాలి. దీన్ని పెద్ద చదువులవాళ్లు ఏదో మంచి పేరుతో పిలుస్తారు. నా నోటికొచ్చే పేరు అచ్చు వేయరు.

లస్మయ్య ఒక వీసా వాడి కోసం పక్కన పెట్టాడు. దసరా పోయాక నెలలోపు విమానం ఎక్కాలి. పాస్‌పోర్టుకు పోలీసు ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె. బొగ్గు బావులు బందు, బస్సులు బందు, బడులు బందు. చౌరస్తాలో టెంటు వేసి రోజుకో కులసంఘం నిరాహార దీక్షలో కూర్చునేది. మా పద్మశాలి సంఘం వంతు వచ్చింది. ఇంటికొకరు కూర్చోవాలి, పుస్తకంలో పేరు రాయాలి. సాయంత్రం ఆ పేర్లు మైకులో చదువుతారు. ఏ ఇల్లు రాలేదో అదీ చదువుతారు. పుస్తకం పట్టుకున్నవాడు సంపత్, సంఘం లీడరు.

"సరోజనక్కా, మీ ఇంటికెల్లి ఎవ్వలు?" అన్నాడు.

"నేను కూసున్న గదరా. కనవడ్తలేనా, కండ్లద్దాలు ఇంట్ల మర్శినవా?"

"నువ్వు కూసుంటివి గని, సంఘం లిస్టుల ఇల్లు దేవయ్య పేరు మీదున్నది. ఆ పేరు లేకుంటె మీ ఇల్లు రాలేదని సదువుతరు."

"సదివినోని నాలిక నా చేతిలుంటది. ఇటియ్యి, రాస్త."

మా దగ్గర అంతే. ఆడది కూర్చున్నా ఇల్లు మగవాడి పేరు మీదే లెక్క. నా పక్కన కూర్చున్న దుర్గవ్వ తన కొడుకు పేరుకు ఎదురుగా వేలిముద్ర వేసింది. నేను వయోజన బడిలో నేర్చిన అక్షరాలతో, ఆమె చూసేటట్టు నిమ్మళంగా, దేవయ్య అని పెద్దగా రాశాను.

ఆ వేళకు దేవయ్య గంగారాం కార్ఖానాలో ఉన్నాడు. వాడు నడిపే సాంచాలకు ఆసామి, అంటే యజమాని, ఆయనే. అనుకోకుండా గంటసేపు కరెంటు వస్తే, తలుపులు మూసి సాంచాలు నడుపుకుంటున్నారు. సమ్మె రోజు నడపకూడదు. కానీ వచ్చిన కరెంటును వదులుకునే పేట కాదు మాది.

మధ్యాహ్నం కొందరు టెంటు నుంచి లేచి, ఈ సమ్మె పేరు చెప్పి మా పేటకు ఇంకా కోత పెడుతున్నారని సబ్‌స్టేషన్ మీదికి పోయారు. అద్దాలు పగిలాయి. ఎవరు పగలగొట్టారో నాకు తెలియదు. నేను టెంటులోనే ఉన్నాను. పోలీసులు వచ్చి శామియానా పీకారు, మైకు తీసుకున్నారు, పుస్తకమూ తీసుకున్నారు. పుస్తకంలో ఏ వరుసలో పేర్లున్నాయో అదే వరుసలో కేసులో ఎక్కించారు. రాయి ఎవరు విసిరారో వెతికే కష్టం కూడా పడలేదు.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులు గుమ్మంలోనే చెప్పాడు. "కేసుంటె మేము మంచిగున్నడని రాయమమ్మా."

రాధిక నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

సంపత్ దగ్గరికి పోయాను. "అక్కా, గీ కేసులు మనకు గర్వం. రేపు తెలంగాణ అచ్చినంక ఒక్కొక్క కేసు ఒక్కొక్క పూలదండ" అన్నాడు.

"ఆ దండ నీ మెడల ఏసుకో. మా తమ్మునికి పాసుపోర్టు గావాలె. పేరు రాసింది నేనని స్టేషన్ల చెప్పు."

"లీడరై ఉండి నేనే గట్ల చెప్తె ఉద్యమం బద్నాం అయితది."

ఆసామి గంగారాం దగ్గరికి పోయాను. దేవయ్య తన సాంచాల మీద ఉన్నాడని ఒక్క మాట చెబితే చాలు. ఆయన తలుపు దగ్గరకు వేసి గొంతు తగ్గించాడు. "సమ్మె రోజు నా సాంచాలు నడ్సినయని నా నోట్నే చెప్పుమంటవా? రేపు నా కార్ఖానా మీదికి రారా?"

అంటే దేవయ్య తప్పు చేయలేదని చెప్పాలంటే, అప్పుడు తప్పని అందరూ అనే పని చేశాడని చెప్పాలి. ఆ పని కూడా ఏమిటయ్యా? కూలికి గుడ్డ నేయడం!

చివరికి దేవయ్యను వెంటబెట్టుకుని నేనే స్టేషన్‌కు పోయాను. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఎక్కడో వేరే జిల్లా నుంచి వచ్చినవాడు, మాట ఎక్కడిదో మాకు పట్టుబడలేదు.

"సారు, ఆ పేరు నేను రాసిన. మావోడు ఆడ లేడు."

"నీకు రాయడం వచ్చా అమ్మా?" అని నవ్వాడు.

బల్ల మీద పెన్ను తీసుకుని అక్కడున్న పేపరు అంచు మీదే దేవయ్య అని రాశాను. పుస్తకం తెప్పించి పక్కన పెట్టుకున్నాడు. అదే వంకర, అదే 'వ'. నవ్వు ఆగింది.

"సరే. మరి ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అని దేవయ్యను అడిగాడు.

దేవయ్య నేల వైపు చూశాడు. గంగారాం పేరు రానివ్వలేదు.

"పనిల ఉన్న సారు."

"అయితే సులువు. ఇదిగో, రైటరు రాస్తాడు, సంతకం పెట్టు. నీ పేరు తీయించే పూచీ నాది."

రైటరు రాసిన కాగితం దేవయ్య చేతికిచ్చారు. వాడు మెల్లగా, పెదవులు కదుపుతూ చదివాడు. సమ్మెతో తనకు సంబంధం లేదనీ, సంఘంవాళ్లు జనాన్ని భయపెట్టి బలవంతంగా దీక్షలో కూర్చోబెడుతున్నారనీ ఉంది. కింద సంపత్‌తో సహా నలుగురి పేర్లున్నాయి.

"బలవంతంగ అని ఎవ్వలన్నరు సారు?" అన్నాడు.

"నువ్వే అంటున్నావు."

"నేన్ అనలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎస్సై మీద కాదు, అప్పుడు వీడి మీద. "పెట్టురా సంతకం! ఆ సంపత్‌గాడు నీ గురించి ఒక్క మాట చెప్పిండా? వాని కోసం నీ పెండ్లాం పిల్లల నోట్ల మన్ను కొడ్తవా?"

"వాని కోసం గాదక్కా."

"మరి ఎవని కోసమురా?"

"నాకు పని లేకుంటె ఆనాడు నేనే పోయి కూసుందును. నా పేరు నేనే రాద్దును. పుస్తకంల నువ్వు రాసింది అబద్ధం గాదు. గీ కాయితం అబద్ధం." అని కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద పెన్ను పెట్టాడు. "పోదాం పా."

వాడు నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. స్టేషన్ మెట్లు దిగేదాకా తిట్టాను. బజారంతా తిట్టాను. ఇంటికి పోయాక రాధిక విని, లోపలికి పోయి అన్నం పెట్టుకొచ్చింది. "ఆయన పెట్టడని నాకెరుకే వదినె" అంది. అప్పుడు నోరు మూసుకున్నాను.

వీసా గడువు పోయేముందు ఒకసారి లస్మయ్యను బతిమాలుదామని నేనొక్కదాన్నే బయలుదేరాను. బస్సులు లేవు. వేములవాడ దాకా ఆటో, చందుర్తి దాకా ట్రాక్టరు, అక్కడి నుంచి జీపులో పదహారు మంది మధ్య కోరుట్ల. లస్మయ్య ఫోన్ చెవిన పెట్టుకునే, ఆ వీసా మీద మెట్‌పల్లి మనిషి నిన్ననే పోయాడని చెప్పాడు. కూర్చోమని కూడా అనలేదు. కూర్చోవాలని నేనూ పోలేదు.

తర్వాత తెలంగాణ వచ్చింది. పటాకులు కాల్చారు. దేవయ్య కూడా ఎగిరి ఆడాడు, నేను చూశాను. పెద్దవాళ్ల కేసులు పెద్ద పెన్నులతో కొట్టేశారు. సంపత్‌కు ఏదో పదవి, ఒక తెల్ల కారు. మా పుస్తకంలోని చిన్న పేర్లు మాత్రం ఏ బీరువాలో ఏ కట్ట కింద ఉన్నాయో ఎవరికీ పట్టలేదు. వాయిదా అన్నప్పుడల్లా దేవయ్య కోర్టుకు పోయాడు, జడ్జి సెలవు అంటే తిరిగొచ్చాడు. దుర్గవ్వ కొడుకు పేరు కూడా అందులోనే ఉండేది. ఆమె వాయిదాల మధ్యనే పోయింది.

కరెంటు కూడా వచ్చింది. ఇరవై నాలుగు గంటలు. మంచిదే, కాదనను. కానీ పోయే కరెంటు పోకుండా అయ్యాక ఎనిమిది సాంచాలూ ఆగవు. సాంచా ఆగకపోతే మనిషీ ఆగడు. దేవయ్య మోకాళ్లు ఇప్పుడు మెట్టు ఎక్కేటప్పుడు చప్పుడు చేస్తాయి.

వాడికి నలభై ఏడు వచ్చినప్పుడు, ఒక పొద్దున కొత్త కానిస్టేబులు బండి వేసుకుని వచ్చాడు. కేసు కొట్టేశారట. సాక్ష్యం చాలలేదని రాసి ఉంది.

"సాచ్చెం సాలలేదా? నేను మీ స్టేషన్ల నిలవడి రాసి సూపెడ్తి. అది సాచ్చెం గాదా?" అన్నాను.

ఆ పిల్లగాడికి అదేమీ తెలియదు. నవ్వు ముఖంతో దేవయ్య వైపు తిరిగి, "అన్నా, ఇగ ఫికరు లేదు. పాసుపోర్టుకు వెట్టుకోవచ్చు" అన్నాడు.

"ఎక్కడికి పోను? మస్కట్ల ముసలోళ్లకు బస్తాలు దాసిపెట్టిండ్రా? ఎనిమిదేండ్లు మీరు గా కాయితం మీద కూసుంటె, ఈని వయసు గూడ కూసున్నదనుకున్నరా? పెట్టుకోవచ్చునట! నువ్వు పెట్టుకో, పోయి బస్తా మొయ్యి!"

కానిస్టేబులు ఒకడుగు వెనక్కి వేశాడు. దేవయ్య కాగితం రెండు వైపులా చదివాడు, ముట్టినట్టు సంతకం పెట్టాడు, తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"సారు, బండి జర పక్కకు వెట్టుండ్రి. షిఫ్టుకు టైమైంది" అన్నాడు.