ఎంకాబాంగ్ కాయలు రాలిన ఏడాది

ఏటి ఒడ్డున ఒకే కప్పు కింద వరసగా గదులున్న మా పొడవాటి ఇంట్లో లాంటింగ్ పేరెత్తితే అందరికీ నవ్వే. అడవిలో చెట్ల కింద వలలు కట్టి, వాటిలో పడిన ఎండుటాకులు తెచ్చి తూచే మనిషి మరి. "చేపలు దొరక్క ఆకులకు వలేశాడు" అని వసారాలో కూర్చున్నవాళ్లు ఎగతాళి చేసేవారు. అతను తన ఆకులు తాను ఏరుకునేవాడు. ఇల్లరికం వచ్చినవాడు, మాట పడటం అలవాటే.

భార్య చనిపోయింది, పిల్లల్లేరు. అయినా అత్త సెండితో అదే గదిలో ఉండిపోయాడు. మా ఇబాన్ తెగలో చెట్టు ఎవరు పాతితే వాళ్లది, వాళ్ల తర్వాత వాళ్ల పిల్లలది. చెట్టున్నవాణ్ణి ఇక్కణ్ణుంచి పొమ్మనే దమ్ము ఎవరికీ లేదు. లాంటింగ్‌కు ఇక్కడ ఒక్క చెట్టూ లేదు. సెండి కన్నుమూస్తే ఆ గది ఆమె మేనల్లుడు మంగాట్‌కు పోతుంది. మంగాట్ ఇప్పటికే గది కొలతలు చూసుకుంటున్నాడు, అంత తొందర ఆ మహానుభావుడికి. ఆ తర్వాత తానెక్కడికి పోవాలా అని లాంటింగ్ ఆకుల్నీ పుల్లల్నీ వేరుచేసేటప్పుడల్లా దిగులుపడేవాడు.

పనిలో మాత్రం పట్టుదల మనిషి. పరిశోధన క్యాంపు చూసుకునే మిస్ లింగ్ అతనికి మొదట్లోనే చెప్పింది. చెట్టు గాలిలోని కర్బనాన్ని తీసుకుని ఆకు చేసుకుంటుంది. ఆకు రాలాక చెదలూ బూజూ దాన్ని తింటాయి. కొంత మట్టిలో కలుస్తుంది, మిగతాది మళ్లీ గాలిలోకి పోతుంది. అసలు ఎంత రాలిందో తెలియకపోతే మిగతా లెక్కంతా దండగ. అందుకే వలలో పడిన పుల్లముక్కను కూడా అతను జారనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు, చాలా ఏళ్ల తర్వాత, అడవంతా ఎంకాబాంగ్, అదే గింజల్లోంచి వంటకొవ్వు తీసే చెట్టు, కాసింది. రెక్కల కాయలు గిరగిరా తిరుగుతూ రాలాయి. వాటి వెనకే అడవిపందులు దిగాయి. సెండి వాళ్ల తాత పాతిన చెట్టు కింద కూడా ఒక వల ఉంది.

"అల్లుడూ, నేల మీద పడ్డవన్నీ పందులు మింగేశాయి. వలలోవి నాకు తెచ్చిపెట్టు" అంది సెండి.

"అవి క్యాంపువి అత్తా."

"చెట్టు మా తాతది, కాయ క్యాంపుదెట్టా అయింది? ఆకులకు ఒప్పుకున్నా గానీ కాయలకు ఒప్పుకున్నానా?"

లాంటింగ్ వెళ్లి మిస్ లింగ్‌ను అడిగాడు. ఆరబెట్టి తూచాక, పరీక్షకు ఒక గుప్పెడు ఉంచి మిగతావి తీసుకెళ్లమంది. లాంటింగ్ సంబరపడ్డాడు. కొవ్వు తీయాలంటే ఎలాగూ ఎండబెట్టాల్సిందే కదా. వేడన్నంలో ఆ కొవ్వు వేసుకుని తింటే అత్త ముఖం ఎలా వెలిగిపోతుందో తలచుకుంటూ బుట్ట మోసుకొచ్చాడు.

సెండి ఒక కాయను గోటితో గీరి చూసింది. "ఏం చేశావు వీటిని?"

"మిషన్లో ఆరబెట్టాం. ఇక దంచుకోవడమే."

"కొవ్వెవడికి కావాలిరా, నా బొంద! పాతడానికి అడిగాను. ఎండిన ఎంకాబాంగ్ మొలుస్తుందా? అన్నిటినీ చంపి తెచ్చావు."

"ముందే చెప్పొచ్చుగా అత్తా."

"పాతేదాకా మంగాట్ చెవిన పడకూడదనుకున్నా. ఆ చెట్టుకు పిడుగు పడి తల విరిగింది. మళ్లీ కాస్తుందో లేదో. కాసినా నేనుండను." ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

లాంటింగ్ మర్నాడే అడవికి వెళ్లాడు. కాయలు రాలడం దాదాపు అయిపోయింది. వలలో ఆకుల అడుగున చెమ్మలో నాలుగైదు కాయలున్నాయి, వాటిలో రెండింటికి ఎర్రటి వేరు బయటికి వచ్చింది. సంచిలో వేసుకుంటే అడిగేవాడు లేడు. అతనికి చేతులు రాలేదు. తడి ఆకుల్లో చుట్టి నేరుగా మిస్ లింగ్ దగ్గరికి పట్టుకుపోయాడు.

"వీటిని ఆరబెట్టకండి మిస్. మా అత్త పాతుకుంటుందట."

మిస్ లింగ్ వేరు కొనను వేలితో తాకింది. "సరే, పచ్చివే తూచుదాం. ఎండితే ఎంత తగ్గుతాయో పోయినసారి వాటిని బట్టి తెలుస్తుందిగా. తీసుకెళ్లు."

సాయంత్రం సెండి కర్ర పట్టుకుని, ఇంటి వెనక తన నేల దాకా నడిచింది. లాంటింగ్ పైన ఉన్న ఎండుటాకులు తోశాడు. వాటి కింద సగం కుళ్లినవి, వాటి కింద నల్లటి మట్టి. గుంట తీసి, కాయలు ఆమె చేతికివ్వబోయాడు.

సెండి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నువ్వే పాతు."

"వంగలేకపోతే నేను పట్టుకుంటా అత్తా."

"పాతమన్నానా!"

పాతాడు. పైన మళ్లీ ఆకులు కప్పాడు. సెండి తిరిగి వసారాలోకొచ్చి, మంగాట్ ఎదురుగా, ఇంటివాళ్లందరి తగువులూ తీర్చే పెద్దమనిషికి వినబడేలా గొంతు పెంచి చెప్పింది.

"అందరూ వినండి. నేల నాది, విత్తనం మా తాత చెట్టుది. పాతింది మాత్రం లాంటింగ్. నేను చెయ్యి కూడా పెట్టలేదు."

మంగాట్ తల దించుకుని ఆకూవక్కా వెతుక్కున్నాడు. పెద్దమనిషి "విన్నాం" అన్నాడు. లాంటింగ్ మట్టిచేతులతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది. అందరూ చూస్తున్నా ఆపుకోలేదు.