ఓడ దిగి వంతెన ఎక్కిన మధ్యాహ్నం

దయ్యాలను నమ్మేవాళ్ళు నా ఉద్యోగంలో ఎక్కువ రోజులు నిలవలేరు. పదకొండేళ్ళుగా సిడ్నీలో ఒక వృద్ధుల ఆశ్రమంలో కేరర్‌గా పనిచేస్తున్నాను. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం నా పని. పోయినవాళ్ళకు చివరిసారి ఒళ్ళు తుడిచి తల దువ్వేది కూడా మేమే. ఖాళీ గదిలో బెల్ మోగిందని తోటివాళ్ళు భయపడితే, నేనే వెళ్ళి బ్యాటరీ మార్చి వచ్చేదాన్ని. ఇప్పటికీ నన్నడిగితే దయ్యాలు లేవనే చెబుతాను. అయినా ఈ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఆయన పేరు యాదగిరి. మాది నల్లగొండ జిల్లా. ఇప్పుడు సిడ్నీ శివార్లలో ద పాండ్స్ అనే చోట ఉంటున్నాం. ఆయన ఒక గోదాములో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మంచి మనిషి. నా ఉద్యోగం గురించి చెప్పుకోవడానికి మాత్రం ఆయనకు నోరు వచ్చేది కాదు. ఊళ్ళో చుట్టాలకు "హాస్పిటల్ ఆఫీసుల చేస్తది" అని చెప్పాడు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, "సునీతా, జర ఆ డ్రెస్ మార్చుకో" అనేవాడు. డ్రెస్ అంటే నా యూనిఫాం. ముదురు నీలం చొక్కా, జేబు మీద నా పేరు. గొడవెందుకని మార్చుకునేదాన్ని. మనసులో మాత్రం ఆ బాధ ఉండేది.

పోయిన ఏడాది మా పెళ్ళిరోజుకు మా అమ్మాయి కీర్తన మమ్మల్ని ఓడ ప్రయాణానికి పంపించింది. తొమ్మిది రోజుల క్రూయిజ్. హార్బర్ బ్రిడ్జి పక్కనే ఉన్న సర్క్యులర్ కీ రేవులో ఎక్కాలి. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఎక్కేశాం. ఓడ కదిలేది సాయంత్రం ఐదింటికి. ఈలోగా కావాలంటే దిగి తిరిగి రావచ్చని, నాలుగు లోపల వెనక్కి ఉండాలని చెప్పారు.

ఇన్నేళ్ళుగా సిడ్నీలో ఉన్నా హార్బర్ బ్రిడ్జి మీద నడవలేదు. ఎప్పుడూ రైల్లో దాటడమే. పైనుంచి మా ఓడను చూడాలనిపించింది. యాదగిరిని రమ్మంటే, "నాతోని గాదు, పొద్దుగాల నాలుగింటికి లేచిన. జరసేపు పండుకుంట" అన్నాడు.

ఆయనకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాడు. పై అంతస్తులో భోజనాల దగ్గర పెద్ద క్యూ చూసి, తర్వాత తింటానని వచ్చేశాడు. "తిని పండుకో" అని రెండుసార్లు చెప్పాను. "నువ్వు పో, తింట" అన్నాడు. నేను వెళ్ళాను. తినకుండా మాత్ర వేసుకున్న మనిషిని అలా వదలకూడదని అందరికంటే నాకే బాగా తెలుసు. ఇందులో తప్పు నాది.

ఓడ దిగేటప్పుడు ప్రతి ఒక్కరి కార్డూ మిషన్ దగ్గర పెట్టి చూస్తారు. స్క్రీన్ మీద మన ఫోటో వస్తుంది, టైం నమోదవుతుంది. నేను దిగినప్పుడు ఒంటిగంటా నలభై. పసుపు కుర్తీ, జీన్స్ వేసుకున్నాను.

మెట్లెక్కి వంతెన మీదకు చేరాను. గాలి జోరుగా ఉంది. కింద మా ఓడ తెల్లగా, ఒక వీధంత పొడుగ్గా కనబడింది. చిన్నప్పుడు ఊళ్ళో మావాళ్ళ కూరగాయల బండి వెంట నడిచిన పిల్లను నేను. ఆ ఓడలో నా పేరుతో ఒక గది ఉందనుకుంటే ఒళ్ళు పొంగింది. ఎవరినో అడిగి ఫోటో తీయించుకుని కీర్తనకు పంపాను. "అమ్మా, యూ లుక్ సో కూల్!" అని వెంటనే జవాబు వచ్చింది. ఆ ఫోటో టైం రెండూ నలభై ఒకటి.

ఆ నిమిషంలో నా గుండె దడదడలాడిందనో, ఎవరో పిలిచినట్టయిందనో రాస్తే బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. నిమ్మళంగా కిందికి దిగి ఐస్‌క్రీం కొనుక్కుని తిన్నాను.

మూడూ ఇరవైకి ఓడ ఎక్కాను. కార్డు పెట్టగానే సెక్యూరిటీ అతను స్క్రీన్ చూసి, మీ భర్త మెడికల్ సెంటర్‌లో ఉన్నారు, ప్రమాదమేమీ లేదు, వెళ్ళండి అన్నాడు. ఎట్లా వెళ్ళానో నాకు గుర్తులేదు.

యాదగిరి మంచం మీద ఒరిగి కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. చేతికి సెలైన్. నన్ను చూసి నవ్వాడు.

"బట్టలు మార్చుకునేటందుకు ఇంతసేపానే?" అన్నాడు.

షుగర్ పడిపోయినవాళ్ళు కాసేపు ఏదేదో మాట్లాడతారు. అదే అనుకున్నాను. ఈలోగా నర్సు వచ్చింది. నలభై దాటిన ఫిలిప్పీన్స్ ఆవిడ. నా రెండు చేతులూ పట్టుకుని, ఇన్నేళ్ళ సర్వీసులో ప్రయాణికుల నుంచి ఇంత చక్కని ఫోన్ తనకు రాలేదంది.

ఆవిడ చెప్పింది ఇది. రెండూ నలభైకి మా క్యాబిన్ నుంచి మెడికల్ సెంటర్‌కు ఫోన్ వెళ్ళింది. ఆడమనిషి గొంతు. గది నంబరు, రోగి వయసు, షుగర్ మాత్రలు వాడతాడని, పొద్దుటి నుంచి తినలేదని, రెండూ ముప్పై ఐదు నుంచి పిలిస్తే పలకడం లేదని, ఊపిరి బాగానే ఉందని వరసగా చెప్పింది. పక్కకు తిప్పి పడుకోబెట్టానని, నోట్లో ఏమీ పోయలేదని, గ్లూకోజ్ పట్టుకుని రమ్మని చెప్పి పెట్టేసింది.

ఇంటివాళ్ళు కంగారులో నీళ్ళో, జ్యూసో నోట్లో పోసేస్తారు. స్పృహ లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. "మీరు ఆ పని చేయలేదు, అందుకే ఆయన ఇంత తొందరగా తేరుకున్నాడు" అంది నర్సు. డాక్టరూ ఆవిడా పరుగున వెళ్ళేసరికి తలుపు తీసే ఉందట. యాదగిరి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్న మనిషి నేనేనట.

"యూనిఫాంలో ఉన్నారు కదా, చూడగానే మా ఫీల్డే అని తెలిసిపోయింది" అంది. ముదురు నీలం చొక్కా. జేబు మీద పేరు. ఆయనను స్ట్రెచర్ మీదకు ఎక్కించేదాకా నేను అక్కడే ఉన్నానట. తర్వాత కనబడకపోతే బట్టలు మార్చుకోవడానికి ఆగాననుకున్నారు.

నా యూనిఫాం ద పాండ్స్‌లో, ఇంట్లో, మాసిన బట్టల బుట్టలో ఉంది. తిరిగి వచ్చాక చూశాను. వేసినది వేసినట్టే ఉంది.

మర్నాడు సముద్రం మధ్యలో ఉండగా రిసెప్షన్‌కు వెళ్ళి నా కార్డు వివరాలు అడిగాను. ఒకసారి దిగినట్టు, ఒకసారి ఎక్కినట్టు. ఒంటిగంటా నలభై, మూడూ ఇరవై. మధ్యలో ఏమీ లేదు. నర్సు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఆ వచ్చిన మనిషి నేనేనా, బాగా చూశారా అని అడిగాను. ఆవిడ నవ్వింది. "ఇదే ముఖం. మెడలో ఇదే కళ్ళజోడు తాడు. ఏం, మీకు గుర్తులేదా?" అంది. గుర్తుందన్నాను. ఇంకేం చెప్పను?

ప్రయాణం మిగతా రోజులన్నీ యాదగిరి భోజనాల బల్ల దగ్గర కనబడినవాళ్ళందరికీ వచ్చీరాని ఇంగ్లీషులో ఈ కథే చెప్పాడు. నేను తల వంచుకుని తిన్నాను. నాది కాని మెప్పు తీసుకుంటున్నట్టు ఉండేది.

వచ్చిన నెలకు పెండిల్ హిల్‌లో స్నేహితుల ఇంట్లో బార్బెక్యూకు వెళ్ళాం. ఒక ఆంటీ నన్ను, "నువ్వు హాస్పిటల్ ఆఫీసులో కదమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే యాదగిరి అందుకున్నాడు.

"ఆఫీసు గాదు ఆంటీ. మా సునీత కేరర్. ముసలోళ్లకు తానం చేపిస్తది, తినిపిస్తది, ఎత్తుకొని కూసోబెడ్తది. ఇన్నేండ్లు చెప్పుకునేటందుకు నేనే సిగ్గుపడ్డ. నన్ను బతికిచ్చింది గా పనే."

తర్వాత ఆ ఆంటీ నన్ను పక్కకు పిలిచి, మంచంలో ఉన్న అత్తగారికి వీపు మీద పుండ్లు పడ్డాయని, వచ్చి ఒకసారి చూడమని అడిగింది. ఆ సాయంత్రమే వెళ్ళి చూశాను.

ఇంటికి వస్తూ కారులో ఆయనకు నిజం చెప్పేశాను. వంతెన మీది ఫోటో చూపించాను, టైం చూపించాను. సిగ్నల్ దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకుని ఫోటో పెద్దది చేసి చూశాడు.

"నేను కండ్లు తెరిచి చూసిన సునీతా. 'పండుకో, నేనున్న' అన్నవ్. నువ్వే" అన్నాడు. నాకు ఫోన్ తిరిగి ఇచ్చేసి కారు పోనిచ్చాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను మాత్రం ఎన్నోసార్లు ఆలోచించాను. నర్సు పొరబడిందనుకుంటే, ఫోన్ చేసింది ఎవరు? పక్క క్యాబిన్ మనిషి అనుకుంటే, ఆయన వాడే మాత్రలు ఆమెకెలా తెలుసు? ఆయనతో తెలుగులో మాట్లాడింది ఎవరు? ఏ వైపు నుంచి చూసినా ఒక ముక్క మిగిలిపోతోంది.

ఒకటి మాత్రం చెప్పగలను. పక్కకు తిప్పింది, నోట్లో ఏమీ పోయలేదు, టైం చూసి చెప్పింది, చెయ్యి తీయలేదు. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ, పని మాత్రం అచ్చం నేను చేసినట్టే చేసింది.