బ్రేకు మీద కాలు

డ్రైవరు కుడికాలి నొప్పికి ఊళ్లోవాళ్లు పెట్టిన పేర్లన్నీ రాస్తే మందుల షాపు బోర్డు నిండిపోతుంది. ఒకరు నరం అన్నారు, ఒకరు వాతం అన్నారు, ఇంకొకరు వయసు అన్నారు. పాదంలో మొదలై పిక్క మీదుగా తొడకు, తొడ నుంచి నడుముకు ఎగబాకే ఆ నొప్పి మాత్రం ఏ పేరుకూ పలకలేదు. స్కాను చూసిన పెద్ద డాక్టరు మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. "ఎముక బాగుంది, నరం బాగుంది. అలాగని నొప్పి అబద్ధమని నేననను" అన్నాడు. ఆ ఒక్క మాటకి డ్రైవరు భార్యకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికే చుట్టాల్లో సగంమంది ఆయన నాటకాలాడుతున్నాడని తేల్చేశారు మరి. కూర్చుని జీతం తినడానికి మంచి ఉపాయం కనిపెట్టాడని ఆమె సొంత అన్నగారే నలుగురిలో అన్నాడు.

నాటకమే అయితే ఎంత బాగుండేది! పాపం ఆ మనిషి కుర్చీలో కూర్చుంటే చాలు, కుడిపాదం నేలను తొక్కుతుంది. టీవీ చూస్తూ తొక్కుతుంది, అన్నం తింటూ తొక్కుతుంది, నిద్రలో కూడా తొక్కుతుంది. తొక్కుతున్నట్టు ఆయనకు తెలియదు. ఒకసారి మేనల్లుడి కొత్త కారులో ముందు సీట్లో కూర్చుని, లేని బ్రేకును తొక్కి తొక్కి కాళ్లకింద మ్యాటు చింపేశాడు. "మామయ్యా, బండి నడుపుతున్నది నువ్వా, నేనా?" అని వాడు నవ్వితే ఈయనా నవ్వాడు. ఇంటికొచ్చాక తొడ పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయాడు.

ఇదంతా రెండేళ్ల కిందటి ప్రమాదం తర్వాతే మొదలైంది. ఆయన నడిపే సిటీబస్సు ముందు, పల్లంగా ఉన్న రోడ్డు మీద, ఒక అమ్మాయి స్కూటరు జారి పడింది. ఈయన బ్రేకు వేశాడు, బండి ఆగింది. అమ్మాయికి చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. అందరూ అంతటితో మరిచిపోయారు. కాలు మరిచిపోలేదు. డిపోవాళ్లు ఆయన్ని బండి మీంచి తీసి స్పేరుపార్టుల గదిలో పడేశారు. పాతికేళ్లు స్టీరింగు పట్టిన మనిషి కిటికీ లేని గదిలో కూర్చుని నట్లూ బోల్టులూ ఏరుతున్నాడు. మళ్లీ బండి ఇవ్వాలంటే డిపో యార్డులో టెస్టు పాసవ్వాలి. అందులో ఏటవాలు దిమ్మ మీద బస్సును ఆపి, వెనక్కి దొర్లకుండా ముందుకు తీయడం ఒకటి. మొదటిసారి ఆపడం అద్భుతంగా ఆపాడు. తీయమంటే తీయలేదు. కాలు బ్రేకు మీంచి లేస్తేగా! చెమటలు కారుతుంటే అలాగే కూర్చుండిపోయాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ తప్పితే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారు.

అప్పుడే పెద్ద డాక్టరు ఆయన్ని ఆసుపత్రిలో చివరి గదిలో ఉండే థెరపిస్టు దగ్గరికి పంపాడు. ముప్పై దాటని మనిషి ఆవిడ. గదిలో మంచం లేదు, కరెంటు మిషన్లు లేవు. రెండు కుర్చీలు, ఒక చెక్కబీరువా, ఒక చాప, గోడవార కొన్ని దిండ్లు. మొదటిరోజు ఆవిడ చేయించిందల్లా కుర్చీలో కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఎక్కడ ఆనుతోంది, ఊపిరి ఎందాకా వెళ్తోంది అని అడగడమే. బయటికొచ్చాక డ్రైవరు భార్యతో అన్నాడు: "ఊపిరి పీల్చడానికి రెండు బస్సులు మారి రావాలంటే? ఇంట్లో గాలి లేదా?"

"నోరు మూసుకుని పీల్చండి" అంది భార్య.

పీల్చాడు. వారం వారం వచ్చి పీల్చాడు. కొన్నాళ్లకు నొప్పి వచ్చే ముందు పొట్ట బిగుసుకుంటోందని, పళ్లు కరుచుకుంటున్నాయని ఆయనే పట్టుకోగలిగాడు. థెరపిస్టు చెప్పింది కూడా చిన్న సంగతే. "హడలిపోయినప్పుడు ఒళ్లు ఏదో ఒక పనికి పూనుకుంటుంది బాబాయ్‌గారూ. ఆ పని మధ్యలో ఆగిపోతే, గండం గడిచిందని దానికి తెలియదు. ఇంకా అదే చేస్తూ ఉంటుంది. దాన్ని కసరకూడదు, పూర్తి చేసుకోనివ్వాలి."

ఒకరోజు ఆవిడ గట్టి దిండొకటి గోడకు ఆనించి, కుడిపాదంతో మెల్లగా తొక్కమంది. తొక్కాడు. ఆశ్చర్యం, తొక్కుతున్నంతసేపూ హాయిగా ఉందన్నాడు. "ఇప్పుడు అంతే మెల్లగా కాలు తీయండి" అంది. అంతే, మొహం పాలిపోయింది. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు.

"ఆగండి, తీయొద్దు. తీస్తే ఏమవుతుంది?"

"బండి దొర్లుతుంది" అన్నాడు డ్రైవరు.

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు. గదిలో మూలన కూర్చున్న భార్య తలెత్తి చూసింది. రెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పుడు మొదటిసారి ఉన్నదంతా చెప్పాడు.

ఆ బండి హ్యాండుబ్రేకు అంతంతమాత్రం. ముందు చక్రానికి జానెడు దూరంలో ఆ అమ్మాయి పడి ఉంది, రోడ్డు చూస్తే పల్లం. కాలు కాస్త సడలితే బండి ఆమె మీదికి పోతుంది. కండక్టరు కిందికి దూకి చక్రం దగ్గరికి పరిగెత్తాడు. డ్రైవర్లకూ కండక్టర్లకూ మధ్య ఒక కట్టు ఉంది, ఏ పుస్తకంలోనూ ఉండదు. కండక్టరు బండి కింద పనిలో ఉంటే, అతను బయటికొచ్చి బాడీ మీద రెండు దెబ్బలు కొట్టేదాకా డ్రైవరు బ్రేకు మీంచి కాలు తీయడు. ఆకాశం విరిగి పడినా తీయడు.

"కొట్టాడా మరి?" అడిగింది థెరపిస్టు.

"లేదమ్మా. జనం అద్దం బాదుతున్నారు. మనిషి పడిపోతే కనీసం దిగి చూడడే, వీడు మనిషేనా అని తిడుతున్నారు. నేను దిగలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి డిపోవాళ్లొచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టి, నన్ను రెక్కలు పట్టుకుని దింపారు."

థెరపిస్టు పక్కనున్న చెక్కబీరువా మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. కాలు కదల్లేదు. డ్రైవరు మొహమాటంగా చూశాడు.

"ఏమనుకోకండమ్మా. మీరు కండక్టరు కాదు కదా" అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వేసింది. నవ్వుతూనే, ఆ కండక్టరు రాగలడా అని అడిగింది. అతనికి ప్రమాదం తర్వాత వేరే డిపోకు బదిలీ అయింది. వీళ్లిద్దరూ మాట్లాడుకుని చాలాకాలమైంది. గొడవేమీ లేదు, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ తప్పుకు తిరిగారు. మగవాళ్ల స్నేహాలు చాలావరకు ఇలాగే ఏడుస్తాయి. డ్రైవరు భార్య ఇలాంటి బిడియాలేవీ పెట్టుకోలేదు, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

మరుసటి వారం కండక్టరు వచ్చాడు. గుమ్మంలోనే, "ఏం గురూ, నీ కాలు ఇంకా డ్యూటీ దిగలేదట?" అని గట్టిగా నవ్వాడు. సంగతంతా విన్నాక ఆ నవ్వు మాయమైంది.

"నేను కొట్టలేదు కదూ" అన్నాడు. "ఎవరో కారు ఆపారు గురూ. ఆ పిల్లని ఎత్తుకుని ఎక్కేశాను. ఆసుపత్రి చేరేదాకా నువ్వు గుర్తుకే రాలేదు."

థెరపిస్టు తొందరపెట్టలేదు. ఇవాళ వద్దనుకుంటే ఇంకోరోజు చేద్దామంది. డ్రైవరు ఇప్పుడే అన్నాడు. దిండు మీద కాలు ఆనించి తొక్కాడు, తొడ రాయిలా బిగిసింది. కండక్టరుకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దిండుకు కాస్త ఇవతల నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, వట్టి చేతులతో ఎవరినో చంకల కింద పట్టుకున్నట్టు పట్టి, మెల్లగా పక్కకు లాగాడు. లేచాడు. వచ్చి బీరువా మీద దబదబా రెండు కొట్టాడు.

కాలు లేచింది.

ముందు వేళ్లు, తర్వాత మడమ. తొడ వణికింది, పిక్క వణికింది, ఆ వణుకు నడుము దాకా పోయింది. "వణకనివ్వండి, ఏం కాదు" అంది థెరపిస్టు. అది తగ్గాక ఒక పెద్ద ఊపిరి వచ్చింది. ఇంటి దగ్గర దొరకని ఊపిరే.

"ఒంటికి ఇంకేమైనా చేయాలనుందా?"

"దిగాలమ్మా" అన్నాడు డ్రైవరు.

కుర్చీ మీంచి ఎడమ పక్కకు కాదు, డ్రైవర్లు దిగే కుడి పక్కకే దిగాడు. చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. వంగి చూశాడు. నున్నటి నేల, దాని మీద కిటికీ వెలుగు.

"ఎవరూ లేరు" అన్నాడు.

"ఎలా ఉంటారు?" అన్నాడు కండక్టరు. "నువ్వు పట్టుకుని కూర్చున్నావు కాబట్టే నేను లాగగలిగాను. దిగలేదు దిగలేదు అని ఊరంతా తిట్టింది. నువ్వే గనక దిగుంటే, ఆ పిల్ల ఉండేదా గురూ?"

యాభై ఏళ్ల మనిషి ఆ నేల మీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. అన్నగారి మాటకు జవాబు చెప్పలేక మింగిన ఏడుపు ఆమెకూ ఉంది, అది కూడా అక్కడే తీర్చుకుంది.

నొప్పి ఆ రోజుతో మాయమైందని చెబితే అబద్ధమవుతుంది. వాన ముసురు పడితే ఇప్పటికీ పిక్క గుర్తు చేస్తుంది. ఆయన ఇంకా కొన్ని నెలలు ఆ గదికి వెళ్లాడు, రెండు బస్సుల గురించి సణుగుతూనే వెళ్లాడు.

టెస్టు రోజున యార్డులో ఏటవాలు దిమ్మ మీద బస్సు ఆపాడు. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు ముందుకొకసారి చూశాడు, పొట్ట బిగిసింది. బిగియనిచ్చాడు. అది సర్దుకునేదాకా ఆగి, కాలు తీశాడు. బస్సు ఒక్క అంగుళమైనా వెనక్కి పోకుండా మెత్తగా దిమ్మ ఎక్కి దిగింది. ఇన్‌స్పెక్టరు టిక్కు పెట్టి, "చాలు, ఇక ఆపండి" అన్నాడు.

డ్రైవరు వినిపించుకోలేదు. యార్డు చుట్టూ ఇంకో రౌండు కొట్టాడు.